విశాఖలో కళాశాల తొలిరోజు: ముందువారమే చేసుకోవలసిన పనులు

కళాశాలలో తొలిరోజు పాఠం జరగడం అరుదు. ఆ రోజు కొత్త విద్యార్థిని ఇబ్బంది పెట్టేవి ప్రధానంగా రెండే: కార్యాలయంలో అడిగిన కాగితం చేతిలో లేకపోవడం, చేరవలసిన చోటికి వేళకు చేరలేకపోవడం. ఈ రెండింటినీ ముందువారంలోనే చక్కబెట్టుకోవచ్చు కనుక కొత్త బట్టలు, కొత్త బ్యాగు సంగతి ఆ తరువాత చూసుకున్నా నష్టం లేదు.

ముందుగా కాగితాలు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ద్వారా ఇంజినీరింగులో సీటు వచ్చినవారు అలాట్‌మెంట్ ఆర్డరును ప్రింటు తీసుకుని, వెబ్‌సైటులో సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నట్టు తామే తెలపడం) ముగించి, గడువులోగా కళాశాలకు వెళ్లి అక్కడ కూడా రిపోర్టు చేయాలి. వెబ్‌సైటులో నొక్కేశాం కదా అని ఊరుకుంటే సీటు చేజారే ప్రమాదం ఉంది. పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ, 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, వర్తించినవారికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒకే ఫైలులో వరుసగా పెట్టుకోవాలి. ప్రతిదానికీ మూడేసి జెరాక్సులు తీయించి, ఫోనులో కూడా స్కాన్ చేసి ఉంచుకోవడం మంచిది. ముఖ్యంగా టీసీని ఒకసారి ఇచ్చాక అది కళాశాల వద్దే ఉండిపోతుంది కాబట్టి, ఇవ్వడానికి ముందే నకలు తీయించుకోవాలి. మిగిలిన అసలు సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే విద్యాసంస్థలకు స్పష్టం చేసింది. ఏ కారణంగానైనా ఒక కాగితం కార్యాలయంలో వదిలి రావలసి వస్తే, దాని పేరు రాయించి, ముద్ర వేయించి రసీదు తీసుకోవాలి. ఇలా అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఫైలు సర్దుతున్నప్పుడే పేర్లను కూడా సరిచూసుకోవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉండడం మన ఇళ్లలో మామూలే. ఆ తేడాను ఇంటర్ వరకు ఎవరూ పట్టించుకోకపోయినా, ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు దగ్గరకు వచ్చేసరికి అదే పెద్ద అడ్డంకి అవుతుంది. సవరణకు రోజులు పడుతుంది గనుక తరగతులు మొదలు కాకముందే మీసేవ కేంద్రానికో ఆధార్ కేంద్రానికో వెళ్లి రావాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో కూడా అప్పుడే కనుక్కోవచ్చు.

ఇక దారి విషయం. తరగతులకు రెండు మూడు రోజుల ముందు, కళాశాలకు వెళ్లే వేళకే ఒకసారి బస్సులో వెళ్లి చూసి రావాలి. ఆదివారం మధ్యాహ్నం నాన్నగారి బండి మీద వెళ్లి వచ్చిన దారికీ, సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు గాజువాక నుంచి ఎన్ఏడీ కూడలి దాటి వెళ్లవలసిన దారికీ పోలిక ఉండదు. రుషికొండ వైపు వెళ్లేవారికి 900కె, మధురవాడ మీదుగా తగరపువలస వైపు వెళ్లేవారికి 222 నంబరు బస్సులు అక్కరకు వస్తాయి. పాడేరు, శ్రీకాకుళం వైపుల నుంచి వచ్చి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో దిగే విద్యార్థులు ఏ ప్లాట్‌ఫారం నుంచి సిటీ బస్సు ఎక్కాలో అక్కడి విచారణ కౌంటరులో అడిగి తెలుసుకోవాలి. స్త్రీశక్తి పథకం కింద విద్యార్థినులు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు గాని, గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. అబ్బాయిలు స్టూడెంట్ బస్ పాసు కోసం తొలివారంలోనే కళాశాల నుంచి అక్కడ చదువుతున్నట్టు బోనఫైడ్ పత్రం తీసుకుంటే ఆ నెల ఛార్జీలు మిగులుతాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరేవారికి ఒక మాట. ఆ ప్రాంగణం 400 ఎకరాలకు పైబడినది. ఇంజినీరింగ్ కళాశాల ఉత్తర ప్రాంగణంలో ఉంది. ఆర్ట్స్, సైన్స్ విభాగాలు దక్షిణ ప్రాంగణంలో ఉన్నాయి. "యూనివర్సిటీ దగ్గర దింపండి" అంటే కండక్టరు ఏదో ఒక గేటు దగ్గర దింపుతాడు. నేను అలాగే దిగి, చెమటలు కక్కుతూ అరగంట నడిచి, హాజరు పిలవడం అయిపోయాక లోపలికి వెళ్లాను. విభాగం పేరు, ఏ గేటు దగ్గరో రెండూ తెలుసుకుని బస్సు ఎక్కాలి.

బ్యాగులో పెట్టుకోవలసినవి కొద్దిగానే ఉంటాయి: ఒక నోటుపుస్తకం, రెండు పెన్నులు, నీళ్ల సీసా, గొడుగు, ఉక్కకు ఒక చేతిరుమాలు. తరగతులు వానాకాలంలో మొదలవుతాయి కాబట్టి ఫైలుకు ప్లాస్టిక్ కవరు తప్పనిసరి.

ర్యాగింగ్ గురించి తల్లిదండ్రుల భయం సహజమే. 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు వేరువేరుగా ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ ఇవ్వాలి. దీన్ని ముందే పూర్తిచేసి ప్రింటు తీసుకుంటే తొలిరోజు క్యూలో నిలబడే పని తగ్గుతుంది. రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం అమలులో ఉంది. జాతీయ సహాయ నంబరు 1800-180-5522ను ఫోనులో పెట్టుకోవాలి. సీనియరు పేరు అడిగినంత మాత్రాన అది ర్యాగింగ్ కాదు, కానీ అవమానించినా, బెదిరించినా, ఇష్టం లేని పని చేయించినా మౌనంగా భరించకుండా ఆ రోజే చెప్పాలి.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు పరిచయ కార్యక్రమంలో ఇంగ్లీషులో మాట్లాడవలసి వస్తుందని రాత్రంతా నిద్రపోరు. పేరు, ఊరు, చదివిన కళాశాల, ఎంచుకున్న కోర్సు ఈ నాలుగింటికీ నాలుగు చిన్న వాక్యాలు రాసుకుని, ఇంట్లో చెల్లి ముందో తమ్ముడి ముందో నాలుగైదుసార్లు పైకి చెప్పి చూసుకుంటే చాలు. ఇంటర్‌లో స్టడీ అవర్స్ పేరిట గంటగంటకూ ఒకరు కాపలా ఉన్నారు. ఇక్కడ ఎవరూ వెంటపడరు, కానీ పరీక్ష రాయడానికి సాధారణంగా 75 శాతం హాజరు కావాలి. ఆ లెక్క మొదటి రోజునుంచే మొదలవుతుందో, పరిచయ తరగతుల తరువాత మొదలవుతుందో అక్కడే అడగండి.

సాయంత్రం ఇంటికి చేరగానే ఆనాటి రసీదులన్నీ అదే ఫైలులో చేర్చి, టైమ్‌టేబుల్‌ను ఫొటో తీసుకుని, మర్నాటి మొదటి పీరియడు ఏ గదిలోనో చూసుకోవాలి.