సాసేజ్ పాస్తా సూప్: రుచంతా గిన్నె అడుగులోనే

అమెరికాలో స్థిరపడ్డ ఇటాలియన్ల వంటిళ్ల నుంచి వచ్చిన సూప్ ఇది. మాంసం, బీన్స్, ఆకుకూర, పాస్తా అన్నీ ఒకే గిన్నెలో ఉంటాయి కాబట్టి పక్కన కాల్చిన బ్రెడ్ ముక్క ఒకటుంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. చేయడం కష్టమేమీ కాదు. చెడితే రెండు చోట్ల చెడుతుంది: మాంసం వేగాల్సింది పోయి ఉడికితే సూప్ చప్పగా తయారవుతుంది, పాస్తా తొందరపడి వేస్తే గంట తిరిగేసరికి ముద్దవుతుంది. కింది కొలతలు నలుగురైదుగురికి సరిపోతాయి.

సాసేజ్ ఏది?

కావాల్సింది పచ్చి సాసేజ్. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు, మామూలు సూపర్‌మార్కెట్లలోనే ఇటాలియన్ సాసేజ్ దొరుకుతుంది. కారం కావాలంటే హాట్, వద్దనుకుంటే మైల్డ్ తీసుకోండి. పంది మాంసం తినని వాళ్లకు చికెన్‌తో, టర్కీతో చేసినవీ ఉంటాయి. 450 నుంచి 500 గ్రాములు తెచ్చి, పై తొడుగును కత్తి మొనతో పొడవునా చీల్చి లోపలి మాంసం బయటికి తీయండి.

హైదరాబాద్, విజయవాడ షాపుల ఫ్రీజర్లలో కనిపించే చికెన్ సాసేజ్‌లు ఎక్కువగా ముందే ఉడికించి ప్యాక్ చేసినవి. వాటి నుంచి కొవ్వు కరగదు, గిన్నె అడుగున ఏమీ పట్టదు. అందుకని ఇంట్లోనే కైమాలో మసాలా కలుపుకోవడం మేలు. సూప్‌కి తొడుగుతో పనే లేదు.

500 గ్రాముల కైమాకి ఉప్పు 8 గ్రాములు (టీస్పూనున్నరకు కాస్త తక్కువ), సోంపు 2 టీస్పూన్లు, దంచిన మిరియాలు 1 టీస్పూను, చిల్లీ ఫ్లేక్స్ 1 టీస్పూను, సన్నగా తురిమిన వెల్లుల్లి 4 రెబ్బలు, వెనిగర్ 1 టేబుల్‌స్పూను. పంది కైమా అయితే కొవ్వు పాతిక శాతం దాకా ఉండేలా కొట్టించండి. చికెన్ అయితే బ్రెస్ట్ కాకుండా తొడ మాంసం, అదీ స్కిన్‌తో కొట్టమని చెప్పండి. స్కిన్ లేకుంటే కలిపేటప్పుడు 2 టేబుల్‌స్పూన్ల ఆలివ్ ఆయిల్ వేయండి, లేకపోతే మాంసం పిండిపిండిగా ఉంటుంది.

సోంపును వాసన వచ్చేదాకా వేయించి రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తగా పొడి చేయొద్దు, అక్కడక్కడా పంటికింద తగలాలి. ఈ సాసేజ్‌కి అసలు రుచి సోంపుదే. అల్లం, ధనియాల పొడి, గరం మసాలా జోలికి పోకండి. అవి పడితే కైమా కూర వాసన వచ్చేస్తుంది, చివర్లో వేసే చీజ్‌తో అది పొసగదు.

అన్నీ వేసి చేత్తో రెండు నిమిషాలు గట్టిగా పిసకండి. కైమా జిగురెక్కి వేళ్లకు అంటుకోవాలి. మాంసంలోని ప్రొటీన్‌ను ఉప్పు కరిగించడం వల్ల వచ్చే జిగురు అది. అది వస్తేనే ముక్కలు సూప్‌లో విడిపోకుండా, ఎండిపోకుండా నిలుస్తాయి. మూత పెట్టి ఫ్రిజ్‌లో కనీసం 2 గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి.

మిగతా సరంజామా

పెద్ద ఉల్లిపాయ 1, క్యారెట్ 1, సెలరీ కాడ 1 (దొరక్కపోతే మానేయండి), వెల్లుల్లి 5 రెబ్బలు, టమాటా పేస్ట్ 1 టేబుల్‌స్పూను, బాగా పండిన టమాటాలు 400 గ్రాములు లేదా ఒక టిన్ను, చికెన్ స్టాక్ లీటరుంబావు, ఉడికించిన బీన్స్ 250 గ్రాములు, పాస్తా 120 గ్రాములు, పాలకూర రెండు చిన్న కట్టలు, పార్మెజాన్ చీజ్.

స్టాక్ కోసం అరకిలో చికెన్ ఎముకలు, ఒక ఉల్లిపాయ, నాలుగు మిరియాలు, లీటరున్నర నీళ్లు కుక్కర్‌లో పెట్టి సన్న సెగ మీద అరగంట ఉంచితే చాలు. బజారులో దొరికే స్టాక్ క్యూబులు వాడితే ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో సగమే వేయండి.

బీన్స్‌లో అక్కడివాళ్లు వాడేది కానెల్లినీ. తెల్ల రాజ్మా దానికి దగ్గరగా ఉంటుంది, అలసందలు కూడా బాగుంటాయి. 100 గ్రాముల ఎండు గింజలు ఉడికితే సుమారు 250 గ్రాములవుతాయి. వీటిని విడిగా మెత్తగా ఉడికించాకే సూప్‌లో వేయాలి. టమాటా పులుపులో పచ్చి గింజ ఎంతసేపటికీ మెత్తబడదు. స్లో కుక్కర్ వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త: నానబెట్టిన రాజ్మాను పచ్చిగా నేరుగా అందులో వేయొద్దు. రాజ్మాలో సహజంగా ఉండే లెక్టిన్ విషం ఆ తక్కువ వేడికి పోదు, వాంతులవుతాయి. ముందు కుక్కర్‌లో ఉడికించండి, లేదా తెర్లే నీళ్లలో పది నిమిషాలకు తగ్గకుండా మరిగించండి.

వేయించడం

నాన్‌స్టిక్ వద్దు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె గానీ ఇనుప గిన్నె గానీ తీసుకోండి. టేబుల్‌స్పూను ఆలివ్ ఆయిల్ వేసి, బాగా కాగాక సాసేజ్ మాంసాన్ని పెద్ద పెద్ద ముద్దలుగా వేసి గరిటెతో అదిమి వదిలేయండి. మూడు నాలుగు నిమిషాలు కదపొద్దు. మొదట మాంసం నీరు వదులుతుంది, బుడబుడమని ఉడుకుతున్న చప్పుడు వస్తుంది. ఆ నీరు ఇంకిపోగానే చప్పుడు చిటపటలోకి మారుతుంది. రంగు పట్టేది అప్పటినుంచే. ఇక్కడ ఓపిక పట్టలేక కలిపేస్తే మాంసం బూడిద రంగులో ఉండిపోతుంది, సూప్‌కి ఆ లోటు చివరిదాకా తీరదు. గిన్నె ఇరుకుగా ఉంటే రెండు వాయిలుగా వేయించండి. ఒక వైపు ఎర్రగా కాలాక తిరగేసి, గోళీకాయంత ముక్కలుగా విడగొట్టి, ఇంకో మూడు నిమిషాలయ్యాక పళ్లెంలోకి తీసేయండి.

గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్లకు మించి కొవ్వుంటే ఎక్కువైంది వంపేయండి. అడుగున పట్టిన గోధుమ రంగు పొరను మాత్రం కడగొద్దు. సూప్ రుచికి మూలం అదే. నల్లగా మాడితే మాత్రం ఆ గిన్నె పక్కన పెట్టి వేరే గిన్నెలో మొదలెట్టండి, ఆ చేదు దేనికీ లొంగదు.

సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, సెలరీ వేసి చిటికెడు ఉప్పు చల్లండి. ఉల్లి వదిలే నీటికి ఆ పొర మెత్తబడుతుంది, చెక్క గరిటెతో గోకితే మొత్తం వచ్చేస్తుంది. ఎనిమిది నిమిషాలకు వెల్లుల్లి, ఇంకో నిమిషానికి టమాటా పేస్ట్ వేయండి. పేస్ట్ ఎరుపు తిరిగి ఇటుక రంగుకొచ్చేదాకా, అంటే రెండు నిమిషాలు వేయిస్తే పచ్చివాసన పోతుంది. తర్వాత టమాటాలు, స్టాక్, పక్కన పెట్టిన మాంసం. పార్మెజాన్ చీజ్ చివరి గట్టి పెచ్చు ఉంటే అదీ వేయండి, దించేముందు తీసేయొచ్చు. మూత వారగా పెట్టి సన్న సెగ మీద 20 నిమిషాలు ఉంచాలి. బీన్స్‌లో సగం గరిటెతో చిదిమి, మిగతావి అలాగే వేస్తే సూప్ మైదా, కార్న్‌ఫ్లోర్ అవసరం లేకుండానే చిక్కబడుతుంది.

ముందే ఉడికిన సాసేజ్‌లు తప్ప దొరకలేదనుకోండి, చక్రాల్లా కోసి రెండు వైపులా ఎర్రగా వేయించి తీసి, చివరి ఐదు నిమిషాల్లోనే వేయండి. ఉల్లిపాయలు వేసేముందు నూనెలో టీస్పూను సోంపు వేయిస్తే కొంత లోటు తీరుతుంది.

పాస్తా

డిటలీనీ (పొట్టి గొట్టాల్లాంటి పాస్తా), చిన్న గవ్వలు, ఎల్బో మాకరోనీ ఏదైనా సరే, చెంచాలో ఇమిడేలా ఉండాలి. ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ అని ఉందో లేదో చూడండి. మైదాతో చేసింది సూప్‌లో పొంగి పగిలిపోతుంది.

గిన్నెడూ అప్పుడే ఖాళీ అయ్యేట్టయితే పాస్తాను సూప్‌లోనే ఉడికించండి, దాని గంజి కూడా సూప్‌కి పనికొస్తుంది. ముందుగా 300 మిల్లీలీటర్ల వేడినీళ్లు అదనంగా పోయాలి, పాస్తా రసాన్ని బాగా పీల్చుకుంటుంది. చిక్కటి పుల్లటి రసంలో ప్యాకెట్ చెప్పిన సమయం కన్నా రెండు మూడు నిమిషాలు ఎక్కువే పడుతుంది, అందుకని గడియారాన్ని కాకుండా కొరికి చూడటాన్ని నమ్ముకోండి. మధ్యలో చిన్న చుక్కంత గట్టిదనం ఉండగానే స్టవ్ ఆపేయాలి.

మర్నాటికి మిగులుతుందనుకుంటే పాస్తా విడిగా ఉప్పు నీళ్లలో ఉడికించి, వార్చి, చెంచా నూనె కలిపి పక్కన పెట్టండి. తినేటప్పుడు బౌల్‌లో పాస్తా వేసుకుని పైన మరిగే సూప్ పోసుకోవాలి.

పాలకూర ఆఖరి నిమిషంలో వేస్తే చాలు. కేల్ (ముదురు, గట్టి ఆకుకూర) అయితే పది నిమిషాలు ముందు వేయాలి. బచ్చలి వద్దు, జిగురు వస్తుంది. క్రీమ్ ఇష్టపడేవాళ్లు 100 మిల్లీలీటర్లు కలుపుకోవచ్చు. మన టెట్రాప్యాక్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు తక్కువ, టమాటా పులుపుకి మరిగితే విరిగిపోతుంది. స్టవ్ ఆపి, క్రీమ్‌లో రెండు గరిటెల వేడి సూప్ కలిపి, ఆ తర్వాత గిన్నెలో పోయండి.

సాసేజ్, స్టాక్, చీజ్ మూడింట్లోనూ ఉప్పుంది. కాబట్టి చీజ్ తురిమి వేశాకే రుచి చూసి ఉప్పు వేయండి. ఎక్కువైతే వేడినీళ్లు, ఇంకాసిని బీన్స్ కలపండి.

మిగిలిన సూప్‌ను రెండు గంటల్లోపే వెడల్పాటి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులుంటుంది. పాస్తా, క్రీమ్ లేకుండా ఫ్రీజర్‌లో అయితే రెండు నెలలు. వేడిచేసేటప్పుడు అరగ్లాసు నీళ్లు పోసి ఒక పొంగు రానిచ్చి, పాలకూర మాత్రం అప్పటికప్పుడు కొత్తది వేసుకోండి.