ఉత్పత్తి లెక్క, 4వ పాఠం: కూలి ఎందుకు తీసేయకూడదు?

ఈసారి మిషన్ సామర్థ్యం గురించి మొదలుపెట్టాల్సింది. అది వచ్చే పాఠానికి పోయింది. 3వ పాఠం చివర బుడ్డల (వేరుశనగ కాయల) లెక్క ఒకటి ఇచ్చాను: రైతు, ఒలిచే వ్యాపారి, నూనె మిల్లు, నూనె అంగడి కలిసి జోడించిన విలువ ఎంత? జోడించిన విలువ అంటే అమ్మకంలోంచి బయటి వ్యాపారాల దగ్గర కొన్నవి తీసేస్తే మిగిలేది. దానికి 4,890 రాబట్టినవాళ్లు తక్కువ. చాలామందికి 24,680 వచ్చింది, కొందరికి 3,070. నూనె మిల్లు దగ్గర మైనస్ 1,330 వచ్చి అక్కడే ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. మూడు తప్పులకూ కారణాలు వేరు. వాటిని సరిచేసుకోకుండా ముందుకు పోతే తర్వాత నేర్చుకునేదేదీ నిలబడదు.

లెక్క మళ్లీ ముందు పెట్టుకోండి. ధరలు లెక్క కోసం వేసుకున్నవే, మార్కెట్ యార్డు ధరలు కావు.

అనంతపురం వైపు ఒక రైతు 100 కిలోల బుడ్డలు 6,000కు అమ్మాడు. బయట కొన్నవి: విత్తనం 1,000, ఎరువులు, జిప్సం కలిపి 400, ట్రాక్టర్ బాడుగ 600, మందులు 200. కలుపుకు, చెట్లు పీకడానికి, కాయలు తెంపడానికి కూలి 1,500.

బుడ్డలు ఒలిచే వ్యాపారికి ఆ వంద కిలోల నుంచి 70 కిలోల గింజలు, 28 కిలోల పొట్టు వచ్చాయి. మిగతా 2 కిలోలు మట్టి, తరుగు. గింజలు కిలో 90 చొప్పున 6,300, ఇటుక బట్టీకి అమ్మిన పొట్టు 140. కరెంటు 30, గోనె సంచులు 40, హమాలీ కూలి 80.

మిల్లు ఆ గింజలు కొని 28 కిలోల నూనె (కిలో 180), 40 కిలోల చెక్క, అంటే నూనె పిండాక మిగిలే పిప్పి (కిలో 40), తీసింది. కరెంటు, విడిభాగాలు 70, పనివాళ్ల కూలి 90. నూనె అంగడి ఆ 28 కిలోలూ 5,040కి కొని, కవర్లకు 110 పెట్టి, 5,600కు అమ్మింది. అంగట్లో పనిచేసే మనిషి జీతంలో దీని వంతు 150.

24,680 అంటే నలుగురి అమ్మకాలూ కలిపేయడం. ఒకే బుడ్డను నాలుగుసార్లు లెక్కపెట్టినట్టు. దీని గురించి పోయినసారే చెప్పుకున్నాం, మళ్లీ పొడిగించను.

మైనస్ 1,330 వచ్చినవాళ్లు చెక్కను మర్చిపోయారు. నూనె 5,040 మాత్రమే రాసుకుని 6,300, 70 తీసేశారు. నూనె ఒక్కదానితో ఏ మిల్లూ నడవదు. చెక్క 1,600 కలిపితేనే అమ్మకం 6,640 అవుతుంది, అప్పుడు మిల్లు జోడించిన విలువ 270గా తేలుతుంది. నూనె పిండే మిషన్ (ఎక్స్‌పెల్లర్) ఎంత బిగించినా 6 నుంచి 8 శాతం నూనె చెక్కలోనే ఉండిపోతుంది. గింజలో తేమ ఎక్కువైతే చెక్క గట్టిపడకుండా మెత్తగా జారిపోతుంది, నూనె ఇంకా ఎక్కువ అందులోనే మిగులుతుంది. అందుకే మిల్లులో పనితెలిసినవాళ్లు చెక్క ముక్క చేతిలోకి తీసుకుని విరిచి చూస్తారు. అది పెళుసుగా విరగాలి. ఒక్క కిలో నూనె చెక్కలోకి పోయినా, 180కి అమ్మాల్సిన సరుకు 40కి పోయినట్టు. నష్టం 140, అంటే మిల్లు జోడించిన 270లో సగానికి పైగా. కాయలు తెంపాక మిగిలిన కట్టెను రైతు పశువులకు వేసుకున్నా అదీ ఉత్పత్తే. ఇక్కడ సులువు కోసం వదిలేశాను, గట్టి లెక్కలో వదలకూడదు.

ఇక 3,070. కూలి మొత్తం 1,820ను ఖర్చు కింద తీసేసినవాళ్లకు వచ్చిన జవాబు ఇది. ఈ తప్పు దగ్గరే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే పద్దు రాయడం వచ్చినవాళ్లే దీన్ని ఎక్కువగా చేస్తారు. యజమాని లాభం చూసుకునేటప్పుడు కూలి ఖర్చే, తీసేయాలి. మనం చూస్తున్నది లాభం కాదు, ఆ చోట కొత్తగా ఎంత విలువ పుట్టిందన్నది. పుట్టిన విలువను పంచితే ఒక వంతు కూలివాళ్లకు, ఒక వంతు అప్పిచ్చినవాళ్లకు వడ్డీగా, ఒక వంతు నేల యజమానికి కౌలుగా, మిగిలింది నడిపినవాళ్లకు పోతుంది. పంచుకున్నంత మాత్రాన విలువ తగ్గదు. కూలి తీసేస్తే, తెల్లారకముందే చేలోకి పోయి కాయలు తెంపినవాళ్ల పనికి విలువే లేదని రాసినట్టవుతుంది.

మరి ట్రాక్టర్ బాడుగ 600 ఎందుకు తీసేశాం? డ్రైవరు కూడా కూలి మనిషే కదా? అతని కూలి ట్రాక్టర్ యజమాని లెక్కలో విలువగా వస్తుంది. రైతు దగ్గరా ఉంచితే రెండుసార్లు పడుతుంది. నేను వాడే పరీక్ష ఒక్కటే: డబ్బు ఇంకొక వ్యాపారానికి బిల్లు కింద పోయిందా, పనిచేసిన మనిషి చేతికి పోయిందా? బిల్లయితే తీసేయండి, మనిషి చేతికైతే ఉంచండి. హమాలీలకు వ్యాపారి నేరుగా 80 ఇస్తే అది అతని దగ్గరే ఉంటుంది. అదే 80 ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బిల్లులో కలిసి వస్తే అతని దగ్గర తగ్గి ఆ ఆఫీసు దగ్గర పెరుగుతుంది. ఊరి మొత్తం మారదు.

అద్దె దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. షెడ్డు అద్దె కొనుక్కున్న సేవ, తీసేయాలి. చేని కౌలు పంపకం, తీసేయకూడదు. కొత్త మిషన్ కొన్న డబ్బూ ఈ లెక్కలో తీసేయకూడదు. మిషన్ ఒక్క ఏడాదిలో కరిగిపోయే సరుకు కాదు. అది అరిగిన మేరకు తరుగుదల వేరే మెట్టులో తీస్తాం, అప్పుడు దాన్ని నికర విలువ అంటాం.

2017 జులై 1 నుంచి ఉన్న జీఎస్టీ తెలిసినవాళ్లకు ఇది త్వరగా ఎక్కుతుంది. కొన్న సరుకు బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) వస్తుంది, జీతాల మీద రాదు. కారణం ఇదే. ఒక్క తేడా మాత్రం మనసులో పెట్టుకోండి: జీఎస్టీలో మిషన్ మీద కూడా క్రెడిట్ దొరుకుతుంది, మన లెక్కలో మిషన్ తీసేయం. దేశం లెక్కల్లో 2015 జనవరి నుంచి రంగాలవారీగా ముందు పెడుతున్న జీవీఏ (స్థూల జోడించిన విలువ) అన్న అంకె ఈ పద్ధతిలో కూడుకుంటూ వచ్చిందే. దానికి సరుకుల మీది పన్నులు కలిపి, సబ్సిడీలు తీసేస్తే జీడీపీ.

ఇప్పుడు కూడండి: రైతు 3,800, వ్యాపారి 370, మిల్లు 270, అంగడి 450. మొత్తం 4,890. సరిచూసుకునే దారి: గొలుసు నుంచి బయటికి పోయినవి నూనె 5,600, చెక్క 1,600, పొట్టు 140. మొత్తం 7,340. బయటినుంచి లోపలికి వచ్చినవి రైతుకు 2,200, వ్యాపారికి 70, మిల్లుకు 70, అంగడికి 110. మొత్తం 2,450. తేడా అదే 4,890. ఈ రెండో దారిలో కూడా చేయకుండా ఏ జవాబూ ఖాయం చేసుకోకండి.

అభ్యాసం. బేతంచెర్లలో ఒక పాలిష్ యూనిట్ 10,000 చదరపు అడుగుల నాపబండ అడుగు 14 చొప్పున కొంది. కోతలో, పాలిష్‌లో 8 శాతం విరిగింది. మిగిలింది అడుగు 24 చొప్పున అమ్మింది, విరిగిన ముక్కలకు 1,500 వచ్చాయి. కరెంటు 18,000, పాలిష్ రాళ్లు 9,000, లారీ బాడుగ 12,000, కూలి 24,000, బ్యాంకు వడ్డీ 4,000, కొత్త మిషన్ 85,000. జోడించిన విలువ 43,300 రావాలి. రాకపోతే ఏ అంకెను ఏ వైపు పెట్టారో వెతకండి. వచ్చాక, ఆ యూనిట్ సొంత లారీ పెట్టుకుందనుకోండి: డీజిల్ 6,500, రిపేర్లు 1,000, డ్రైవరు జీతం 3,000. యూనిట్ లెక్క ఎంత మారింది, బేతంచెర్ల మొత్తం లెక్క ఎంత మారింది? రెండోదానికి పాత లారీ యజమాని పద్దు కూడా రాయాలి. అతనిదీ ఆ ఊరే, డీజిల్, రిపేర్లు, జీతం అవే అనుకుని రాయండి.