కారు ఏసీ, చార్జింగ్ సాకెట్ల వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎండలు ముదరకముందే కారును సర్వీసింగుకు ఇచ్చేవారు టైర్లు, బ్రేకులు, ఇంజిన్ ఆయిలు చూడమని మెకానిక్కుకు చెబుతారు. ఏసీ చల్లగా వస్తే చాలనుకుంటారు. చార్జర్ పెట్టుకునే సాకెట్టు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. వేసవి పొడుగునా, దూర ప్రయాణాలలో మరీ ముఖ్యంగా, మన చేయి పదేపదే వెళ్ళేది ఈ రెండింటి మీదికే. వీటివల్ల కలిగే ముప్పులో పెద్ద భాగం బండి నడుస్తున్నప్పటికంటే ఆగి ఉన్నప్పుడే ఎదురవుతుంది. నడిచే బండిలో డ్రైవరు మెలకువగా ఉంటాడు, పొగ వెనక్కి పోతుంది, బ్యాటరీ చార్జ్ అవుతూ ఉంటుంది. నిలిపిన బండిలో ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ భరోసా ఉండదు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవద్దు

అద్దాలన్నీ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసుకుని కారులోనే కునుకు తీయడం చాలామందికి మామూలు విషయంగా కనిపిస్తుంది. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలలో ఒక్కటే పాటించగలిగితే, ఈ అలవాటు మానుకోవడమే ఆ ఒక్కటి కావాలి. పెట్రోలు, డీజిలు, గ్యాసులలో దేనితో నడిచే ఇంజిన్ అయినా, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఈ వాయువుకు రంగు, వాసన లేవు, కళ్ళు కూడా మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది కనుక, గాలిలో కొద్దిపాటి మోతాదులో ఉన్నా ఒంటికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మగత దీని తొలి లక్షణాలు. మెలకువగా ఉన్న మనిషి వీటిని ప్రయాణపు అలసటగా పొరబడతాడు, నిద్రలో ఉన్నవాడికైతే అసలు తెలియనే తెలియవు.

సైలెన్సర్ గొట్టం తుప్పు పట్టి చిల్లు పడినా, డిక్కీ తలుపు రబ్బరు చిరిగి సందు ఏర్పడినా, బండి వెనుక భాగాన్ని గోడకు దగ్గరగా ఆనించి నిలిపినా, గొట్టం మూతి బురదలోనో మంచులోనో కూరుకుపోయినా ఈ పొగ లోపలికి చేరుతుంది. బయటి గాలి రాకుండా బటన్ నొక్కాం కదా అని ధీమాగా ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ బటన్ మూసే గాలి మార్గపు మూత గాలి చొరబడని తలుపేమీ కాదు. కారు షెడ్డులో పరిస్థితి ఇంకా విషమంగా ఉంటుంది. తలుపు బార్లా తెరిచి ఉంచినా లోపల ఇంజిన్ నడపడం క్షేమం కాదు. బటన్‌తో స్టార్టయ్యే కార్లలోనూ, హైబ్రిడ్ కార్లలోనూ మరొక చిక్కు ఉంది. ఇంజిన్ చప్పుడు వినిపించకపోవడంతో బండి ఆపేశామనుకుని ఇంట్లోకి వెళ్ళిపోతే, బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజిన్ తనంతట తానే మళ్ళీ మొదలు కావచ్చు. అందుచేత దిగే ముందు డ్యాష్‌బోర్డు దీపాలు ఆరిపోయాయో లేదో చూసుకోవాలి.

నిద్రమత్తులో కాలు యాక్సిలరేటరు మీద పడి ఇంజిన్ గంటల తరబడి ఎక్కువ వేగంతో తిరగడం మరో ప్రమాదం. బండి అడుగున ఉండే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడికి చేరుతుంది. కింద ఎండుగడ్డి ఉంటే అంటుకోవడానికి అంతకంటే ఎక్కువేమీ అక్కరలేదు. కాబట్టి ఎండుగడ్డి మీద బండి నిలపకూడదు. విశ్రాంతి తీసుకోవాలనుకుంటే నీడలో బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, అద్దాలు దించుకోవాలి. ఆ వేడిలో నిద్ర పట్టదనుకుంటే కారు వదిలి వేరే చోటు వెతుక్కోవడమే మంచిది. విద్యుత్ కార్లలో ఈ పొగ బెడద లేదు, కానీ అవి కూడా మూసిన షెడ్డులో పక్కన మరో బండి ఇంజిన్ నడుస్తుంటే మనల్ని కాపాడలేవు.

పిల్లలు, పెంపుడు జంతువులు

ఎండలో నిలిపిన కారు ఎంత తొందరగా వేడెక్కుతుందో చాలామంది అంచనా వేయలేరు. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు, ఎండ నేరుగా పడే కారు లోపలి వేడి అర్ధగంటలోనే 50 డిగ్రీలు దాటగలదు. వేడి పెరగడంలో ఎక్కువ భాగం ఆ మొదటి అర్ధగంటలోనే జరిగిపోతుంది. అద్దాన్ని కాస్త దించి ఉంచడం వల్ల పెద్దగా తేడా ఉండదు. చిన్నపిల్లల శరీరం పెద్దవారి శరీరం కంటే 3 నుంచి 5 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఏసీ వేసి ఉంచాం, రెండు నిమిషాల్లో వచ్చేస్తాం అనే మాట ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఇంజిన్ ఆగిపోవచ్చు, కంప్రెసర్ మొరాయించవచ్చు, పిల్లవాడు బటన్ నొక్కేయవచ్చు, రెండు నిమిషాలు ఇరవై కావచ్చు. విద్యుత్ కార్లలో జంతువుల కోసం ఏసీని నడిపించే సదుపాయం ఉన్నా, దాన్ని పసిపిల్లలకు కాపలాగా వాడకూడదు. వెనుక సీటులో నిద్రపోతున్న పసివాడిని మరిచిపోవడం అజాగ్రత్తపరులకే జరుగుతుందనుకోవడం సరికాదు. చేతిసంచినో ఫోనునో వెనుక సీటులోనే పెట్టే అలవాటు చేసుకుంటే, దిగిన ప్రతిసారీ అటు చూడక తప్పదు. నిలిపిన కారును తాళం వేసే ఉంచాలి, పిల్లలు ఆటగా లోపలికి దూరి తలుపు తీయలేక చిక్కుకుపోయే ప్రమాదం ఉంది.

ఏసీ వాడే పద్ధతి

ఎండలో మాగిన కారులోకి ఎక్కగానే అద్దాలు బిగించి ఏసీ పెట్టడం కంటే, తలుపులు తెరిచి వేడిగాలిని బయటకు పోనిచ్చి, అద్దాలు దించి కొంత దూరం నడిపి, ఆ తరువాత ఏసీ వేసుకుంటే త్వరగా చల్లబడుతుంది, కంప్రెసర్ మీద భారమూ తగ్గుతుంది. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్‌ను ఆ తొలి చల్లదనం కోసం, దుమ్ములోనూ సొరంగాల్లోనూ, ముందు బండి పొగ కక్కుతున్నప్పుడూ వాడాలి. దాన్ని గంటల తరబడి అలాగే వదిలేస్తే, నలుగురు వదిలే శ్వాసతో కారులో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరిగి డ్రైవరుకు మగత, తలబరువు వస్తాయి. దూర ప్రయాణంలో మధ్యమధ్య బయటి గాలిని లోపలికి రానివ్వడం కాఫీ తాగడం కంటే మేలని నా అభిప్రాయం.

వానలో అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు చాలామంది గుడ్డతో తుడుస్తూ బండి నడుపుతారు, ఇది ప్రమాదకరం. ఆవిరి ఏ వైపున ఉందో ముందు చూడాలి. లోపలి వైపున ఉంటే రీసర్క్యులేషన్ ఆపి, గాలిని ముందు అద్దం వైపు మళ్ళించి, ఏసీని ఆన్‌లోనే ఉంచాలి. గాలి వెచ్చగా వచ్చేలా పెట్టినా ఏసీ ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే గాలిలోని తేమను లాగేసేది అదే. ఆవిరి బయటి వైపున ఉంటే, చల్లటి అద్దం మీద బయటి తేమ పేరుకుందని అర్థం. వైపర్లు ఒకసారి వేసి, అద్దం మీదికి వెళ్ళే చల్లగాలిని తగ్గించాలి.

కారు కింద చుక్కలుగా కారే తేటనీరు ఏసీ తేమ మాత్రమే, దానికి కంగారు పడనక్కరలేదు. అదే నీరు సీటు ముందు కార్పెట్‌ను తడుపుతుంటే నీరు పోయే గొట్టం మూసుకుపోయిందని అర్థం. గాలిలో తియ్యటి వాసన వచ్చి, ముందు అద్దం లోపల జిడ్డు పొర పడుతుంటే హీటర్ భాగం నుంచి కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతోందని అనుమానించి వెంటనే చూపించాలి. ఏసీ గ్యాసు అధిక పీడనంలో ఉంటుంది కనుక ఆ గొట్టాలను ఇంట్లో విప్పకూడదు. ఎత్తైన దారిలో ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి చల్లారనివ్వాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయడం ఒళ్ళు కాల్చుకోవడమే. సీటు హీటర్ ఉన్న కార్లలో మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి నెమ్మదిగా చర్మం కాలినా తెలియదు; వారు దాన్ని తక్కువ స్థాయిలో కొద్దిసేపే వాడాలి.

సాకెట్టు దగ్గర

గుండ్రటి 12 వోల్టుల సాకెట్టును ఇంటి గోడ ప్లగ్గులాగా చూడడంలోనే పొరపాటు మొదలవుతుంది. చాలా కార్లలో దాని సామర్థ్యం 10 ఆంపియర్లు, అంటే 120 వాట్లు. కొన్నింటిలో 15 ఆంపియర్లు. ఆ అంకె సాకెట్టు మూత మీదనో, యజమాని పుస్తకంలోనో ఉంటుంది. కారు కరెంటును ఇంటి కరెంటుగా మార్చే 150 వాట్ల ఇన్వర్టరు దొరికింది కదా అని 120 వాట్ల సాకెట్టులో పెట్టి పూర్తి భారం వేస్తే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోవడం అదృష్టం, పోకుండా తీగ వేడెక్కడమే దురదృష్టం. ముందు సాకెట్టు, వెనుక సాకెట్టు ఒకే ఫ్యూజు మీద ఉండే కార్లూ ఉన్నాయి కనుక, ఒకదాన్ని మూడు చేసే స్ప్లిటర్ పెట్టినంత మాత్రాన శక్తి మూడింతలు కాదు.

ప్లగ్గును ఒకసారి బయటకు తీసి దగ్గరగా చూడండి. కొనలో స్ప్రింగు మీద నిలిచే లోహపు మొన, దాని చుట్టూ చిన్న మర ఉన్న రింగు ఉంటాయి, చాలా ప్లగ్గులలో ఆ మొన వెనుకే ఒక చిన్న గాజు ఫ్యూజు దాగి ఉంటుంది. కుదుపులకు ఆ రింగు వదులై, ప్లగ్గు లాగినప్పుడు మొన సాకెట్టులోనే మిగిలిపోతుంది. సాకెట్టు అడుగున మధ్య భాగం ధనధ్రువం, చుట్టూ గోడ రుణధ్రువం కాబట్టి, ఆ మొన అడ్డంగా పడితే షార్టవుతుంది. పడిపోయిన నాణెం కూడా అదే పని చేస్తుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో కెలకకుండా, ముందు ఆ సాకెట్టు ఫ్యూజు తీసిన తరువాతే బయటకు తీయాలి. వాడనప్పుడు మూత పెట్టి ఉంచడం దుమ్ముకు, నీటి చుక్కకు, పిల్లల వేలికి ఒకేసారి అడ్డు. పది నిమిషాల వాడకం తరువాత ప్లగ్గును ముట్టుకుని చూడాలి. చేయి పెట్టలేనంత వేడి ఉన్నా, ప్లాస్టిక్ అంచు గోధుమరంగుకు తిరిగినా పట్టు వదులుగా ఉందని అర్థం, ఇక ఆ ప్లగ్గును వాడకూడదు.

ఫ్యూజు మార్చవలసి వస్తే అదే అంకె ఉన్నదే వేయాలి. సాధారణంగా 10 ఆంపియర్ల ఫ్యూజు ఎరుపు, 15 నీలం, 20 పసుపు రంగులో ఉంటాయి. ఎరుపు పదేపదే పోతోందని పసుపు వేయడం, రాగి తీగ చుట్టడం తీగల కట్టను మంటకు అప్పగించడమే.

ఇన్వర్టరు నుంచి వచ్చేది ఇంటి కరెంటుతో సమానమైన వోల్టేజి, షాకు కూడా అంతే గట్టిగా కొడుతుంది. తడి చేతితో ముట్టుకోకూడదు, గాలి ఆడని సీటు కిందనో దుప్పటి మధ్యనో పెట్టకూడదు. వైద్య పరికరాన్ని దానిమీద నడపాలంటే ముందుగా ఆ పరికర తయారీదారును అడిగి తెలుసుకోవాలి. టైరు గాలి పంపు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక, ఆరుబయట ఇంజిన్ నడుస్తుండగా వాడి, మధ్యలో విరామం ఇవ్వాలి. ఇంజిన్ స్టార్టు చేసే క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా పడి లేస్తుంది, ఆ సమయానికి సున్నితమైన పరికరాలను తీసివేయడం మేలు.

ఇంజిన్ ఆపిన తరువాత కూడా కరెంటు ఇచ్చే సాకెట్లు కొన్ని కార్లలో ఉంటాయి. మీ కారులో ఏ రకమో తెలుసుకోవడానికి ఫోను చార్జరు పెట్టి, కారు ఆపి, తాళం వేసి, కిటికీలోంచి చూస్తే చాలు. 60 వాట్ల చిన్న ఫ్రిజ్ సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. అది ఆగకుండా నడిస్తే 4 గంటల్లో 20 ఆంపియర్-అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే బ్యాటరీ నిల్వ కొలత) పోతాయి. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి అది దాదాపు సగం. పాత బ్యాటరీ అయితే తెల్లవారి బండి స్టార్టు కాదు.

చార్జరు తీగలు గేరు చుట్టూ, పెడళ్ళ మీదుగా, ఎయిర్‌బ్యాగు మూతకు అడ్డంగా వేలాడకూడదు. పవర్‌బ్యాంకు, లైటరు, స్ప్రే డబ్బాలను డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలి వెళ్ళవద్దు. నడుస్తుండగా ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే, ఎక్కడి నుంచో వెతుకుతూ నడపకుండా రోడ్డు పక్కకు తీసి, బ్లోయరు, ఏసీ ఆపి, ప్లగ్గులు లాగి, ఇంజిన్ కట్టేసి అందరూ దిగి దూరంగా నిలబడాలి. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే దాన్ని పూర్తిగా ఎత్తవద్దు. గాలి తగిలితే మంట ఎగదన్నుతుంది.