తిరుపతి నుంచి టోక్యోకి, జపాన్ మెటల్ షో చూడ్డానికి

ఎలక్ట్రిక్ గిటార్ పక్కనే షామిసెన్ అనే జపాన్ తీగల వాయిద్యం, డ్రమ్ సెట్ వెనకాల పెద్ద తైకో డోలు, కిమోనోలో సింగర్. ఈ రకం మెటల్‌ని, అంటే హోరెత్తించే రాక్ సంగీతాన్ని, ఫోన్‌లో వినీ వినీ ఒక్కసారైనా ఎదురుగా చూడాలనుకునేవాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. వెళ్తే ఇలా వెళ్ళండి.

టికెట్ కన్నా ముందు చెవిని సిద్ధం చేసుకోండి. షామిసెన్‌కి ఉన్నవి మూడే తీగలు, కానీ బచి అనే వెడల్పాటి పలకతో తీగని మీటుతూనే కింద బిగించిన చర్మాన్ని కూడా కొడతారు కాబట్టి స్వరంతో పాటు దెబ్బ కూడా వినబడుతుంది, ఉత్తరాది త్సుగారు బాణీ అయితే మరీ జోరు, గిటార్ హోరులో కూడా మునిగిపోదు. కోటో అనే పొడవాటి తీగల వాయిద్యానికి సాధారణంగా 13 తీగలు. షాకుహాచి వెదురు వేణువు, ఐదే రంధ్రాలు, నిలువుగా పట్టి ఊదుతారు, ఊపిరి బుస కూడా పాటలో భాగమే. మన మహతి ఆడిటోరియంలో వేణువు కచేరీలు విన్నవాళ్ళకి ఆ జారుడు స్వరాలు వెంటనే పట్టుబడతాయి.

1999లో మొదలైన ఒన్‌మ్యోజా బ్యాండ్‌తో మొదలుపెట్టండి, వాళ్ళ పాటల నిండా జపాన్ జానపద దెయ్యాలే. 2013లో పుట్టిన వాగక్కి బ్యాండ్‌లో ఈ వాయిద్యాలన్నీ ఒకేచోట దొరుకుతాయి, కాకపోతే 2024 చివర్లో వాళ్ళు విరామం తీసుకున్నారు, రికార్డింగులతో సరిపెట్టుకోవాలి. బేబీమెటల్ అనే బ్యాండ్ వాళ్ళది నక్క దేవుడి కథ. వాళ్ళ షోలలో మామూలు మెటల్ కొమ్ముల గుర్తు బదులు చూపుడు వేలు, చిటికెన వేలు నిలబెట్టి, మధ్య రెండు వేళ్ళ కొసల్ని బొటనవేలికి ఆనించి చూపిస్తారు. డాన్స్ నేర్చుకున్న చెల్లెలెవరైనా ఇంట్లో ఉంటే చూపించండి, సింహముఖ హస్తం కదా అంటుంది.

టికెట్లు చాలావరకు లాటరీలో ఇస్తారు, కొన్ని సైట్లు జపాన్ ఫోన్ నంబర్ అడుగుతాయి, అందుకే విదేశీయులకు విడిగా అమ్మే పేజీ ఉందేమో ముందు చూసుకోండి. బ్లాకులో మాత్రం కొనకండి, అసలు ధరకన్నా ఎక్కువకి తిరిగి అమ్మే వ్యాపారంపై 2019 నుంచి చట్టమే ఉంది, గేటు దగ్గర పేరు చూస్తే మీరే ఇరుక్కుంటారు. పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి.

టికెట్ మీద రెండు టైములుంటాయి: ఒకటి తలుపులు తెరిచేది, రెండోది షో మొదలయ్యేది. మనవాళ్ళలా అరగంట ఆలస్యంగా వెళ్తే రెండు పాటలు పోయినట్టే. నిలబడి చూసే చిన్న హాళ్ళలో టికెట్ మీద నంబరు కూడా ఉంటుంది, కొండ మీద టోకెన్ టైము ప్రకారం వదిలినట్టే ఆ నంబర్లు పిలుస్తూ లోపలికి పంపిస్తారు, ముందొచ్చి నిలబడినా లాభం లేదు. గేటు దగ్గర డ్రింక్ కోసమని విడిగా ఐదారు వందల యెన్లు తీసుకుంటారు, చిల్లర ఉంచుకోండి. బ్యాగు కాయిన్ లాకర్‌లో పడేయండి.

వీడియో తీయడం చాలా షోలలో నిషేధం. ఫోన్ ఎత్తితే స్టాఫ్ కన్నా ముందు పక్కవాళ్ళే చూస్తారు, ఆ చూపు చాలు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి, తైకో దెబ్బ పక్కటెముకల్లోకి వస్తుంది. గుండు కొట్టించుకుని నెల తిరక్కుండా వెళ్తే పాటకి తల విసురుగా ఊపే హెడ్‌బ్యాంగింగ్‌కి జుట్టుండదు, ఎవరూ పట్టించుకోరులెండి.

టీషర్టులు షో ముందే కొనేయండి. టోక్యోలో లోకల్ రైళ్ళు అర్ధరాత్రి దాటాక ఆగిపోతాయి, మళ్ళీ తెల్లవారుజామునే, ఈలోగా టాక్సీ ఎక్కితే టికెట్ డబ్బుకి ఇంకో టికెట్ డబ్బు తోడవుతుంది.