ఎడమ అమిగ్డలా అడిగితే కుడిది వచ్చింది

బెంగళూరులో మా ల్యాబ్‌లో ఒక పాత స్క్రిప్టు చేతులు మారుతూ నా దాకా వచ్చింది. మెదడు స్కాన్లను విశ్లేషించే ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌లో గుండ్రటి మాస్కులు (కావాల్సిన చోట 1, మిగతా అంతా 0 ఉండే బొమ్మలు) చేస్తుంది. ఎర్రర్ ఏమీ చూపించదు, కానీ ఎడమ అమిగ్డలాకు (మెదడు లోపల రెండువైపులా ఉండే చిన్న భాగం) అడిగిన మాస్కు కుడివైపు పడుతోంది. మెదడు రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది కదా, చూస్తే అనుమానం రాదు. పైగా స్కాన్లు చూసే ఎఫ్ఎస్ఎల్ ఐస్‌లో మామూలుగా మెదడు ఎడమభాగం మన కుడిచేతి వైపు కనిపిస్తుంది!

పేపర్లలో ఇచ్చేవి ఎంఎన్ఐ అనే ప్రామాణిక మెదడు టెంప్లేట్‌లోని మిల్లీమీటర్లు. మాస్కు చేసే కమాండ్ ఎఫ్ఎస్ఎల్ మ్యాథ్స్‌లో బిందువు పెట్టే ఆప్షన్‌కు కావాల్సినవి వోక్సెల్ నంబర్లు, అంటే స్కాన్‌లోని చిన్న చిన్న ఘనాల వరస సంఖ్యలు. 2 మి.మీ. ఎంఎన్ఐ152 టెంప్లేట్‌కైతే వైకి 126, జెడ్‌కి 72 కలిపి 2తో భాగించాలి. ఎక్స్‌ను మాత్రం 90లోంచి తీసేసి భాగించాలి. స్క్రిప్టులో దానికీ కలిపేశారు. దాంతో −20, −4, −18 అనే బిందువు 55, 61, 27 కావాల్సింది, 35, 61, 27 అయింది. ఒక్క గుర్తు మార్చాను, సరిపోయింది.

ఇంతలో పక్క సీటు నెల్లూరు తమ్ముడు, "అన్నా, నా మాస్కు అసలు ఖాళీగా వస్తోంది" అన్నాడు. బిందువు సరిగ్గానే ఉంది. 5 మి.మీ. వ్యాసార్థంతో గోళం చేశాక 0.5 దగ్గర థ్రెషోల్డ్ పెట్టాడు, అంటే అంతకన్నా తక్కువవన్నీ సున్నా అయిపోతాయి. గోళం చేసే సగటు ఫిల్టర్ బిందువు దగ్గరున్న ఆ ఒక్క 1ని 81 వోక్సెళ్లకు పంచుతుంది, ఒక్కోదానికి దక్కేది సుమారు 0.012. ఇక ఏం మిగులుతుంది? థ్రెషోల్డ్ తీసేసి, నేరుగా బిన్ (సున్నాకన్నా ఎక్కువవన్నీ 1 చేసే ఆప్షన్) పెట్టమన్నాను.