బండి లాగడం లేదా? ముందు యాక్సిలరేటర్ కేబుల్ చూడండి

పొదలకూరులో నిమ్మకాయల బస్తాలు ఎక్కించుకుని రాపూరు ఘాట్ ఎక్కేటప్పుడు మా పాత డీజిల్ పికప్ బాగా నీరసపడేది. ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు విప్పాలన్నారు. చివరికి తేలింది పెడల్ నుంచి ఆ పంపుకు వెళ్లే కేబుల్ సాగిందని మాత్రమే.

పంపు జోలికి వెళ్లేముందు ఈ పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి, ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమనండి. మీరు బానెట్ ఎత్తి డీజిల్ పంపు మీది లివర్‌ను గమనించండి. అది తన కదలిక చివర ఆపే బోల్టును తాకాలి. తాకకుండా సందు మిగిలితే, మీరు ఎంత తొక్కినా ఇంజిన్‌కు పూర్తి డీజిల్ అందదు. ముందు పెడల్ కింద మ్యాట్ ముడుచుకుని అడ్డుపడిందేమో చూడండి. కొన్నిసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

కేబుల్ తొడుగు బ్రాకెట్‌లో రెండు నట్ల మధ్య బిగించి ఉంటుంది. వాటిని వదులు చేసి, తొడుగును లివర్‌కు దూరంగా కొద్దికొద్దిగా జరిపి మళ్లీ బిగించండి. పెడల్ వదిలినప్పుడు లివర్ పూర్తిగా వెనక్కి రావాలి, తీగలో 2, 3 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అతిగా బిగిస్తే బండి నిలబడినా ఇంజిన్ వేగం తగ్గదు, అది ప్రమాదం.

పంపు మీద సీలు వేసిన బోల్టును మాత్రం దయచేసి తిప్పవద్దు. నల్లపొగ, డీజిల్ ఖర్చు తప్ప ఏమీ రాదు. తీగ పోగులు తెగి కనిపిస్తే సర్దుబాటు మానేసి కొత్త కేబుల్ వేయించండి. పాత ఆటోమేటిక్ గేర్ల బండ్లలో కిక్‌డౌన్ కేబుల్‌కు (పెడల్ గట్టిగా తొక్కినప్పుడు కింది గేరుకు మార్చే తీగ) కొలతలు వేరు, వాటికి కంపెనీ పుస్తకమే చూడాలి.