లాగర్‌ను చలిలో పెట్టే ముందు ఇవి చూసుకోండి

లాగర్ అంటే చల్లటి ఉష్ణోగ్రతలో పులియబెట్టి, తర్వాత వారాల పాటు చలిలో ఉంచి పక్వం చేసే బీరు. ఇంట్లో చేసుకునేవారి కోసం ఈ జాబితా. ముందుగా, పులియడం నిజంగా పూర్తయిందా? బుడగలు ఆగాయని నమ్మకండి. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను కొలిచే పరికరం) రీడింగ్ వరుసగా మూడు రోజులు ఒకేలా ఉండాలి.

తర్వాత వెన్న వాసన పరీక్ష. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం. కొంచెం బీరు గ్లాసులోకి తీసి, మూతపెట్టి, 60–70 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. చల్లారాక వాసన చూడండి. వెన్నలా అనిపిస్తే డయాసిటైల్ (పులిసేటప్పుడు ఏర్పడే, వెన్న వాసన ఇచ్చే పదార్థం) ఇంకా పోలేదన్నమాట. బీరును 16–18 డిగ్రీల దగ్గర మరో రెండు మూడు రోజులు వదిలేస్తే ఈస్టే దాన్ని తినేస్తుంది. తొందరపడి చల్లబరిస్తే ఈస్ట్ మందగిస్తుంది, వారాలు గడిచినా ఆ వాసన ఉండిపోవచ్చు. లేత రంగు లాగర్‌లో చిన్న లోపం కూడా దాగదు.

బీరు చల్లబడేకొద్దీ పాత్రలోని గ్యాస్ కుంచించుకుపోయి, ఎయిర్‌లాక్‌లోని (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత) నీటినీ బయటి గాలినీ లోపలికి లాగుతుంది. గాలి తగిలిన బీరుకు తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. అందుకే వీలైతే శానిటైజ్ చేసి, కార్బన్ డయాక్సైడ్‌తో గాలిని తరిమేసిన కెగ్‌లోకి (బీరు నిల్వచేసే మూసిన లోహపు పీపా) మార్చండి. గాజు జాడీకి మాత్రం ఎప్పుడూ ప్రెషర్ పెట్టకండి, పగిలితే ప్రాణాపాయం.

టెంపరేచర్ సెన్సార్‌ను పాత్రకే టేపుతో అంటించండి. మనం కొలవాల్సింది ఫ్రిజ్‌లోని గాలిని కాదు, బీరును. రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున దించి 0–4 మధ్య ఆపండి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు మైనస్ 2 దగ్గర్లో గడ్డకట్టడం మొదలవుతుంది.

చివరగా, ఫ్రిజ్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు దీనికే వదిలేయగలరా?